పదకొండేళ్ళు దాటించిన పళ్ళెం

మా సంఘ పత్రికకు సాక్ష్యం రాసివ్వమని పాస్టరు అయ్యగారు అడిగి రెండు నెలలయింది. స్వస్థత గురించి రాయండి, రెండు పేజీలు చాలు, ఇంటి విషయాలు వద్దు అన్నారు. మొదటి మాటకే నాకు కోపం వచ్చింది. స్వస్థత అయ్యిందో లేదో డాక్టరే ఇంకా తేల్చలేదు. మూడు నెలలకోసారి గొంతులోకి గొట్టం దించి చూడాలట. రెండో మాటకూ కోపం వచ్చింది. వేరేవాళ్ళ సాక్ష్యాలు నాలుగేసి పేజీలు వేసిన పత్రిక అది. ఇక ఇంటి విషయాలు తీసేస్తే నా జబ్బులో మిగిలేవి ఆసుపత్రి చీటీలే. అందుకని నాకు తోచినట్టే రాస్తున్నాను. వేసుకుంటే వేసుకోవచ్చు.

తెలియనివాళ్ళ కోసం ముందు నా సంగతి చెప్పాలి. మా నాన్న యాకోబు మేస్త్రి మదనపల్లె వైపు నుంచి తాపీపనికి వచ్చి యలహంకలో నిలిచిపోయాడు. మా రెండు గదుల ఇంటి ముందు రేకు దించి, చాపలు పరచి, ఇక్కడ తెలుగు ప్రార్థన కూడిక మొదలుపెట్టింది ఆయనే. ఇప్పుడున్న మందిరం గోడల్లో సగం ఆయన చేత్తో లేచినవి. నేను ముప్పై రెండేళ్ళు ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో పనిచేశాను. వచ్చిన ప్రతి పీసుకూ గేజి పెట్టి చూసి, వెంట్రుకవాసి తేడా ఉన్నా పక్కన పడేయడం నా ఉద్యోగం. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. కావాలంటే ఇంట్లోవాళ్ళను అడగండి.

పదకొండేళ్ళ కిందట మందిరానికి పాతికేళ్ళ పండుగ చేశారు. మొదటి కుటుంబాల పేర్లు చెప్పే పని దేవదానానికి అప్పగించారు. దేవదానం నా భార్య సుగుణకు తమ్ముడు, నాకు బామ్మర్ది. నాకంటే ఏడేళ్ళు చిన్న, అయినా అప్పటికే సంఘ పెద్ద. స్టేజి ఎక్కి తొమ్మిది కుటుంబాల పేర్లు చెప్పాడు. యాకోబు మేస్త్రి పేరు చెప్పలేదు. నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. మా అమ్మ కొత్త చీర కట్టుకొని ముందు వరుసలో కూర్చొని ఉంది. పేర్లు అయిపోయి అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె కూడా కొట్టింది. ఆ చప్పట్లు ఈ రోజుకీ నా చెవుల్లో ఉన్నాయి. ఇప్పుడు ఆమె లేదు.

మా సంఘంలో నెలకు మొదటి ఆదివారం ప్రభువు బల్ల, యేసు చివరి భోజనాన్ని తలుచుకొని అందరూ రొట్టె తీసుకోవడం. పెద్దలు రొట్టె పళ్ళెం పట్టుకొని వరుస వరుసకూ వస్తారు. మా వైపు వచ్చేది దేవదానం. మనసులో సమాధానం, సాటివాడితో రాజీ లేనివాడు బల్లలో చెయ్యి పెట్టకూడదని చిన్నప్పటి నుంచి విన్నవాళ్ళం. ఆ మాట నాకు బాగా పనికొచ్చింది. పళ్ళెం వచ్చినప్పుడు చేతులు కట్టుకొని, గడ్డంతో పక్కనున్న సుగుణ వైపు చూపించేవాణ్ణి. అతను నన్ను దాటించి ఆమెకు ఇచ్చేవాడు. పండుగ జరిగిన మరుసటి నెల మొదలుపెట్టి పదకొండేళ్ళు ఇదే. వెనకవాళ్ళందరికీ కనబడాలని మూడో వరుసలోనే కూర్చునేవాణ్ణి. తప్పు చేసినవాణ్ణి సంఘం బల్లకు దూరం పెడుతుంది. నేను నాకు నేనే దూరంగా కూర్చొని, తప్పు అతనిదని ఊరందరికీ చెప్పాను.

నా జబ్బు గురించి చెప్పాలంటే ఇదంతా చెప్పక తప్పదు.

జూన్‌లో చపాతీ ముక్క గొంతులో నిలిచినట్టు అనిపించడం మొదలైంది. మా వీధి డాక్టరు గ్యాస్ అన్నాడు. రెండోసారి వెళ్ళినా గ్యాసే అన్నాడు. మూడోసారి చెవి కింద గడ్డ ఆయన చేతికి తగిలాక పెద్దాసుపత్రికి రాసిచ్చాడు, అప్పుడు కూడా నా ముఖం చూడలేదు. నాలుక వెనక కేన్సరని పెద్దాసుపత్రిలో తేల్చారు. ఆ మాట చెప్పిన డాక్టరు కంప్యూటరు వైపు చూస్తూ చెప్పాడు. నా ముఖం చూసి, అడక్కుండానే మంచినీళ్ళు తెచ్చిచ్చింది అక్కడ నేల తుడిచే ఆమె. ఆమె పేరు నేను అడగలేదు. డాక్టరు పేరు మాత్రం ఇంటిపేరుతో సహా గుర్తుంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చే బస్సులో చావు భయం ఎలా ఉంటుందో తెలిసింది. దాని వెనకాలే ఇంకో భయం వచ్చింది. రేపు నన్ను పెట్టెలో పెట్టి మందిరంలోకి తెస్తారు. నా తలవైపు నిలబడి ప్రార్థన చేసేది దేవదానమే. అందరూ చూస్తుంటారు, పంతంతో పోయాడు అనుకుంటారు. దేవుడి ముందుకు వెళ్ళినా నేను చేతులు కట్టుకొనే నిలబడతానా? ఈ ప్రశ్న ఆ రోజు మొదలై నాలుగు నెలలు నన్ను వదల్లేదు.

జూలైలో రేడియేషన్ మొదలుపెట్టారు. వారానికి ఐదు రోజులు, ఏడు వారాలు. తల కదలకుండా ముఖానికి జల్లెడలాంటి ప్లాస్టిక్ ముసుగు వేసి బల్లకు బిగిస్తారు. పెదవి కదపడానికి కూడా వీలుండదు. కళ్ళు మూసుకొని కీర్తనలు తలుచుకోండి అని అయ్యగారు చెప్పి పంపారు. నాకు ఒక్కటీ రాలేదు. నా మనసుకు అలవాటైన దారి వేరే ఉంది. ఫలానా సూపర్‌వైజరు నా ప్రమోషను ఆపడం, ఫలానా పెళ్ళిలో నన్ను రెండో పంక్తిలో కూర్చోబెట్టడం, మా అమ్మ చప్పట్లు. ముసుగు కింద పావుగంట అవే వచ్చేవి, ఏ ఒక్కటీ తప్పిపోకుండా. చావు ముఖం మీద కూర్చున్నప్పుడు కూడా నాకు తోడున్నది ఇవేనా అని అక్కడే సిగ్గేసింది.

మొదటి వారం మెజెస్టిక్ బస్టాండులో బస్సు మారి వెళ్ళొచ్చాం, సుగుణా నేనూ. రెండో రోజు నుంచే మా గేటు ముందు దేవదానం కారు నిలబడి ఉండేది. హారను కొట్టేవాడు కాదు. అతనికి యలహంక పాత ఊర్లో మిక్సీలు, కుక్కర్లు బాగుచేసే అంగడి ఉంది. పొద్దున్నే తెరిస్తేనే బేరం. దాన్ని మూసుకొని వచ్చాడు. నేను కారు పక్కనుంచే నడిచి బస్‌స్టాపుకు వెళ్ళాను, ఆ వారమంతా. రెండో వారంలో బస్సులో వాంతి అయ్యింది, ముందు కూర్చున్న ఆయన చొక్కా మీద పడింది. మరుసటి పొద్దున గేటు దగ్గర నేను ఆగిపోతే సుగుణ అంది, "ఏమయ్యా, నీకు కోపం మా తమ్ముడి మీద. ఆ సీటు నీకేం చేసింది?"

ఎక్కాను. వెనక సీట్లో కూర్చున్నాను, బాడుగ కారెక్కినట్టు. సుగుణ కూడా నా పక్కనే కూర్చుంది. ముందు సీటు ఖాళీగా ఉంచి అతను మమ్మల్ని రోజూ తీసుకెళ్ళాడు. ఒక్క మాట ఎత్తలేదు. అది కూడా నాకు గర్వంలాగే కనబడింది.

ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో రోజూ కనబడే మనుషులు చుట్టాల్లాగా అయిపోతారు. బళేపేటలో గాజుల అంగడి పెట్టుకున్న లక్ష్మమ్మ అని ఒకామె తన మొగుణ్ణి తీసుకొచ్చేది. ఎవరు ముందు ఎవరు వెనక అన్నది ఆమె నోట్లోనే ఉండేది, కౌంటరువాళ్ళు కూడా ఆమెనే అడిగేవాళ్ళు. నాకు మాట బాగా తగ్గిపోయిన రోజుల్లో ఒకసారి పక్కన కూర్చొని అడిగింది, "ఏమప్పా, ఆ కారు తోలుకోనొచ్చే ఆయప్ప నీకేమవుతాడు?"

బామ్మర్ది అన్నాను.

"నువ్వు లోపలికి పోతానే నీ చెప్పులు ఎత్తుకోని చేతిలో పట్టుకోనుంటాడు. ఈడ చెప్పులు మారిపోతా ఉండాయి కదా. కూర్చోమంటే కూర్చోడు. నువ్వొచ్చే టైముకి మళ్ళా ఆడే పెట్టేస్తాడు. నీకు తెలీదా?"

నాకు తెలియదు. చెప్పులు విడిచినచోటే ఎందుకు ఉంటున్నాయని నేను ఎప్పుడూ అనుకోలేదు. పోయి ఉంటే మాత్రం గొడవ చేసి ఉండేవాణ్ణి.

ఆగస్టు మొదటికి గొంతు లోపలంతా కాలిపోయింది. ఉమ్మి మింగడమంటే గాజుపెంకు మింగడమే. సుగుణ రాగి గంజి గుడ్డలో వడకట్టి, చల్లార్చి, చెంచాతో ఇచ్చేది. గ్లాసు గంజికి గంట పట్టేది. నేను విసుక్కొని చెంచా తోసేస్తే గోడకు తిరిగి కళ్ళు తుడుచుకొని, మళ్ళీ చెంచా ముంచేది.

ఆ రోజుల్లోనే ప్రార్థనకని సంఘం నుంచి ఇద్దరు అక్కలు వచ్చారు. ప్రార్థన బాగానే చేశారు. లేస్తూ ఒకామె అంది, "చూడు సుగుణా, బల్లను కాదన్నోడి గొంతే పట్టుకున్నాడు దేవుడు." నిదానంగా, ప్రేమగానే అంది. సుగుణ తలుపు తెరిచి పట్టుకొని, ఇంక పోయిరండి అక్కా అంది. మా పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో ఆమె ఇంటికొచ్చినవాళ్ళను పంపేయడం అదొక్కసారే. ఇది చదివేవాళ్ళకు ఒక్క మాట చెప్తాను. జబ్బు మనిషి మంచం దగ్గర ఇలాంటి మాట ఎవరూ అనకండి. సిగరెట్ ముట్టనివాళ్ళకు, ఒక్క ఆదివారం కూడా బల్ల తప్పనివాళ్ళకు కూడా ఈ జబ్బు వస్తుంది, ఆ హాల్లో నేను చూశాను. దేవుడు మనుషుల గొంతు పట్టుకునే రౌడీ కాడు. ఈ ధైర్యం ఇప్పుడు రాస్తున్నప్పటిది. ఆ రోజు మాత్రం ఆమె అన్నది నిజమేనేమో అని మంచంలో వణుక్కుంటూ పడుకున్నాను.

తర్వాతి రోజు హెబ్బాళ ఫ్లైఓవరు మీద ట్రాఫిక్ కదల్లేదు. ముందు ఏదో లారీ నిలిచిపోయిందట. అరగంట కూర్చున్నాం. మాట్లాడొద్దని డాక్టరు చెప్పినా నేనే మొదలుపెట్టాను. గాలి తప్ప గొంతు రావడం లేదు.

"మా నాయన పేరు ఎందుకు చెప్పలేదు?"

దేవదానం అద్దంలో నన్ను చూశాడు. ఏ పేరు, ఎప్పుడు అని అడగలేదు.

"మర్చిపోయినా బావా."

నేను ఎన్నో జవాబులకు సిద్ధంగా ఉన్నాను. అసూయ, పెద్దరికం, మా ఇంటి మీద చిన్నచూపు, వీటన్నిటికీ నా దగ్గర సమాధానాలున్నాయి. మర్చిపోయాడనే దానికి లేదు. మా నాన్నను ఎలా మర్చిపోతాడు?

"కాగితం ఉండె కదా నీ చేతిలో."

"కాగితంలో పాటలుండె. పేర్లు నోటితోనే చెప్పినా. బయటోళ్ళ పేరు ఏదైనా తప్పిపోతే బాగుండదని దాని మీదే ఉండాది మనసు. మామ ఇంటి మనిషి కదా, ఆ పేరు తప్పిపోతుందని అనుకోలే." మళ్ళీ తనే అన్నాడు, "ఆ పొద్దు సాయంత్రమే వచ్చినా కదా బావా, చెప్పుకుందామని. మీ గేటు కాడ నిలబడినా. నువ్వు కిటికీలోంచి చూసి పరదా లాగేస్తివి. అక్క బయటికొచ్చి, నిద్రపోతా ఉండాడు అనె. మళ్ళా వారం కూడా వచ్చినా."

సుగుణ వైపు తిరిగాను. ఆమె కిటికీలోంచి బయటి లారీలను చూస్తోంది. చెంపలు తడిసిపోయి ఉన్నాయి. ఆ అబద్ధం ఆమె చేత చెప్పించింది నేను.

పరదా నాకు గుర్తుంది. ఆకుపచ్చ రంగు, పసుపు పూలు. లాగేటప్పుడు రింగులు చేసిన చప్పుడు కూడా గుర్తుంది. ఎప్పుడు తలుచుకున్నా బాగా బుద్ధి చెప్పానని సంతోషపడేవాణ్ణి. గేటు దగ్గర నిలబడినవాడు ఎందుకొచ్చాడో ఒక్కసారీ అనుకోలేదు. ఏదీ మరిచిపోనని గొప్ప చెప్పుకున్న తల నాది. అది నా వైపు సాక్షులను మాత్రమే గుర్తుపెట్టుకుంది.

కానుక తెచ్చినవాడు సహోదరుడికి తన మీద ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడాలని ప్రభువు చెప్పిన మాట మనందరికీ తెలుసు. పదకొండేళ్ళు ఆ మాటను దేవదానానికి చెప్పినట్టే చదివాను. ఆ ఫ్లైఓవరు మీద మొదటిసారి అది నాకు చెప్పినట్టు వినబడింది. వెంటనే మారిపోయానని రాస్తే అబద్ధం. రెండుసార్లు వచ్చినవాడు మూడోసారి ఎందుకు రాలేదని అప్పటికప్పుడే ఒక ప్రశ్న తయారు చేసుకున్నాను. అంతలో లారీ కదిలింది. అడగలేదు. నా జీవితంలో నోటిదాకా వచ్చిన మాట వెనక్కి తీసుకున్నది బహుశా అదే మొదటిసారి.

ఆగస్టు చివర్లో గంజి కూడా దిగడం మానేసింది. ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వేశారు. బరువు బాగా పడిపోయి ఉంగరం వేలికి నిలవలేదు. మాట పూర్తిగా పోయింది. మూడో రోజు దేవదానం వచ్చినప్పుడు నర్సు దగ్గర కాగితం అడిగి తీసుకొని రాశాను: పరదా వేసింది నేనే. నిన్ను పదకొండేళ్ళు అందరి ముందూ దోషిని చేశాను. క్షమించు. అతను నిలబడే చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నా దుప్పటి సర్ది, "సరే బావా, పడుకో" అని బయటికి వెళ్ళాడు. వరండాలో చాలాసేపు ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

అయ్యగారు బల్లను ఆసుపత్రికే తెస్తానన్నారు. మంచం పట్టినవాళ్ళకు అలా ఇవ్వడం మా దగ్గర మామూలే. నేను తల అడ్డంగా ఊపి కాగితం తీసుకున్నాను. అందరి ముందూ కాదన్నాను, అందరి ముందే తీసుకుంటాను అని రాశాను. ఆయన చిన్నవాడు, ముప్పై దాటి ఉండవు. "అప్పటిదాకా..." అని మొదలుపెట్టి ఆపేశారు. ఆయన పూర్తి చేయనిది నాకూ తెలుసు, సుగుణకూ తెలుసు. ఇంత జరిగాక కూడా ఈ మొండితనం ఏమిటని ఆమె ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. కానీ చాటుగా తీసుకుంటే, చాటుగా బాగుపడిన మనిషినవుతాను. పదకొండేళ్ళు చూసినవాళ్ళు మూడో వరుసలో చేతులు కట్టుకున్న మనిషినే గుర్తుపెట్టుకుంటారు, దేవదానం దోషిగానే ఉండిపోతాడు.

సెప్టెంబరంతా నాకు మింగడం నేర్పారు. చిన్నపిల్లలకు నేర్పినట్టే. గడ్డం కిందికి వంచి, ఊపిరి బిగబట్టి, అర చెంచా గంజి. పొరబోతే ఊపిరాడక కళ్ళు తేలేసేవాణ్ణి. నేర్పే అమ్మాయి వీపు తట్టి, మళ్ళీ అర చెంచా నింపేది. ముక్కులో గొట్టం పెట్టుకొని పడుకున్న మధ్యాహ్నాల్లో నేను ఒక కొత్త పని చేశాను. నాకు జరిగిన మేళ్ళు గుర్తు తెచ్చుకోవడానికి కూర్చున్నాను. మంచినీళ్ళు తెచ్చినామె, లక్ష్మమ్మ, వాంతి పడిన చొక్కా తుడుచుకొని నాకు కిటికీ సీటు ఇచ్చిన ఆయన. లక్ష్మమ్మ తప్ప మిగతావాళ్ళ పేర్లు తెలియవు, ముఖాలు కూడా మసకగా ఉన్నాయి. చెడు చేసినవాళ్ళ ముఖాలు మాత్రం నిన్న చూసినట్టు ఉన్నాయి. ప్రభువా, ఈ తలను నువ్వే తిప్పాలి అని అడిగాను. ఇప్పుడూ రోజూ అడుగుతున్నాను. చాలా నెమ్మదిగా తిరుగుతోంది.

నెలాఖరుకు గొట్టం తీశారు.

అక్టోబరు మొదటి ఆదివారం మందిరానికి వెళ్ళాను. చెప్పబోయేది కాగితం మీద రాసుకున్నాను. సుగుణ తీసుకొని చదివి, ఆ ఇద్దరు అక్కల గురించి ఉన్న రెండు వాక్యాలూ కొట్టేసింది. బల్లకు ముందు అయ్యగారు నన్ను పిలిచారు. మైకు పెదవులకు ఆనించుకుంటే తప్ప వినబడదు. ఈ పళ్ళెం నేను ఇన్నేళ్ళు దాటించింది పరిశుద్ధత వల్ల కాదు, పంతం వల్ల అని చెప్పాను. తప్పు ఒప్పుకోవడానికి రెండుసార్లు మా గేటు దాకా వచ్చిన మనిషిని నేనే తిప్పి పంపి, అతను రాలేదని మీ అందరినీ నమ్మించాను అన్నాను. అతని దగ్గరా, మీ దగ్గరా క్షమాపణ అడుగుతున్నాను అన్నాను. అంతే. వెనకాల ఎవరో గట్టిగా నిట్టూర్చారు. ఎవరో నాకు తెలుసు, రాయను.

మా నాన్న పేరు ఆ రోజు కూడా ఎవరూ చెప్పలేదు. చెప్పాలని నాకు ఇప్పటికీ ఉంది. దాన్ని ఈసారి షరతుగా పెట్టలేదు.

పాట మొదలైంది. దేవదానం పళ్ళెం పట్టుకొని మూడో వరుసకు వచ్చి నా ముందు ఆగాడు. గోరంత ముక్క తీసుకున్నాను. నోట్లో ఉమ్మి ఊరదు నాకు, ఆ గ్రంథులు కాలిపోయాయి. రొట్టె నాలుక మీద పిండిలా అతుక్కుపోయింది. గడ్డం వంచి, ఊపిరి బిగబట్టాను. దిగలేదు. దగ్గు వచ్చింది, ఆపుకున్నాను. పాట అయిపోయింది. ఇంకో పాట ఎవరూ ఎత్తుకోలేదు. వెనక వరుసలన్నీ పళ్ళెం కోసం చూస్తున్నాయి. దేవదానం కదల్లేదు. "నిదానం బావా" అన్నాడు, నాకు మాత్రమే వినబడేట్టు.

మళ్ళీ గడ్డం వంచాను. ఎంతసేపో తెలియదు. దిగింది.

అప్పుడతను పళ్ళెం సుగుణకు అందించాడు.